ద్రౌపది రివ్యూ: నాలుగో డ్రాఫ్టూ పోయింది

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫైలు పేరు చివర ‘పనికిరాదు’ అని తగిలించి పడుకున్నాను. అదే తోకతో ఇప్పుడు నాలుగు ఫైళ్లున్నాయి.

నేను రాస్తున్న నవలల రివ్యూల్లో అయినవి ముందు చెప్పేస్తాను. అనుజా చౌహాన్ ‘ద జోయా ఫ్యాక్టర్’ ముప్పావు గంటలో, 320 మాటల్లో అయిపోయింది. అమీశ్ ‘మెలూహా’కి రెండు సాయంత్రాలు పట్టింది, బాగానే వచ్చింది. మొండికేసింది చిత్రా బెనర్జీ దివాకరుణి ‘ద ప్యాలెస్ ఆఫ్ ఇల్యూజన్స్’ ఒక్కటే. ద్రౌపది తన కథ తనే చెప్పుకునే నవల. జోయా వచ్చిన 2008లోనే ఇదీ వచ్చింది. అది నవ్వుకుంటూ రాయించుకుంది, ఇది మూడు వారాలుగా నా ఆదివారాలు తింటోంది.

మొదటి డ్రాఫ్ట్ 1,140 మాటలు. ప్రింట్ తీసి, కథ చెప్పిన వాక్యాలన్నిటి మీదా పసుపు హైలైటర్ గీశాను. (ఏ కంపెనీదో చెప్పను గానీ, ఆ ఇంకు కాగితం అవతలికి దిగి వెనక పేజీ కూడా పచ్చగా చేసింది. దీనికంటే పెన్సిలే నయం.) లెక్కపెడితే 790 మాటలు పసుపు, అంటే నూటికి 69. అగ్నిలోంచి పుట్టడం, మత్స్యయంత్రం, కుంతి ‘అందరూ పంచుకోండి’ అనడం, జూదం, అన్నీ వరసగా ఉన్నాయి. మా పెద్దత్తకి చదివి వినిపిస్తే మత్స్యయంత్రం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది. “ఇదంతా నాకు తెలిసిందే కదరా. ఆ పుస్తకంలో ఏముందో అది చెప్పు.”

సరే, కథ తగ్గిద్దామనుకున్నాను. రెండో డ్రాఫ్ట్ 655 మాటలు, అందులో కథ 60 మాత్రమే. మిగతాదంతా రచయిత్రి ఎక్కడెక్కడ ఏం మార్చిందో చెప్పాను. చదువుకుంటే ‘మూలంలో’ అన్న మాట 14 సార్లు దొర్లింది. రివ్యూలా లేదు, పరీక్ష పేపర్ దిద్దినట్టుంది. పైగా ఆ పద్నాలుగులో ఒకటి నన్నే ముంచింది. స్వయంవరంలో ‘మూలంలో ద్రౌపది సూతుణ్ణి (అంటే కర్ణుణ్ణి) వరించనంటుంది, ఇక్కడ రచయిత్రి దాన్ని మార్చింది’ అని ధీమాగా రాశాను. తీరా చూస్తే, పుణేలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో పూర్తిచేసిన మహాభారత పరిష్కృత ప్రతిలో (రాతప్రతుల్ని పోల్చి తేల్చిన పాఠం) ఆ మాట అసలు పాఠంలో లేదు. కొన్ని రాతప్రతుల్లో ఉన్నదిగా కింద పాఠాంతరాల్లోకి వెళ్లిపోయింది. మరి నేను ‘మూలం’ అన్నది దేన్ని? చిన్నప్పుడు విన్నదాన్నా, సినిమాలో చూసినదాన్నా? పద్నాలుగూ కొట్టేశాను.

మూడో డ్రాఫ్ట్ ఆ కొత్త జ్ఞానం తలకెక్కి రాసింది. 930 మాటల్లో 400 పాఠాంతరాల గురించే. నవల పేరు మూడే మూడుసార్లు వచ్చింది. నాలుగోదాంట్లో పట్టుదలకి పోయి కథా లేదు, పోలికా లేదు, నా స్పందన మాత్రమే, 410 మాటలు. ‘హృద్యం’ రెండుసార్లు, ‘అద్భుతం’ మూడుసార్లు. అట్ట వెనక రాసుకునే పొగడ్తలే నయం, అవి నాలుగు లైన్లలో అయిపోతాయి.

ఇంతకీ ఎక్కడ తేడా కొడుతోంది? మొదట కథ శాతమే కారణమనుకున్నాను. అనుమానం తీర్చుకోవడానికి బాగా వచ్చిందనుకున్న ‘మెలూహా’ రివ్యూ మీదా గీశాను. అందులో నూటికి 43 కథే! అయినా పెద్దత్త చివరిదాకా వింది. అక్కడ శివుడు టిబెట్ నుంచి వచ్చిన తెగనాయకుడు. ఆ కథ ఆవిడకి కొత్త, అందుకే చెప్పినకొద్దీ వింది. అంటే శాతం అంచనా తప్పు. రెండో అనుమానం, నవల చదువుతున్నంతసేపూ నేను నా బుర్రలో ఉన్న భారతాన్నే చదువుతున్నానేమోనని. ఇది కొంత నిజమే.

మూడోది నిన్న రాత్రి పడుకున్నాక తట్టింది. ఈ నవలలో స్వయంవరం రోజు ధృష్టద్యుమ్నుడికీ కర్ణుడికీ మాటామాటా పెరిగినప్పుడు ద్రౌపది మధ్యలోకొచ్చి కర్ణుణ్ణి తండ్రి పేరు అడుగుతుంది. అడిగింది అన్న కోసం. కానీ ఆ ప్రశ్న ఆవిణ్ణి పుస్తకం పొడవునా వదలదు. కర్ణుడి మీద ద్రౌపదికి మనసు ఉండటం మొదటిసారి చదివినప్పుడు నాకు నచ్చలేదు, పెళ్లి సీరియల్ వాసన కొట్టింది. రెండోసారి చదివితే అక్కడ ఇష్టం కన్నా చేసిన గాయం తాలూకు సిగ్గే ఎక్కువ కనిపించింది. రివ్యూ అక్కణ్ణుంచి మొదలుపెడితే స్వయంవరం తప్ప వేరే కథ చెప్పక్కర్లేదు. పొద్దున్నే కాఫీ తాగకుండా 180 మాటలు రాసి చూశాను. పసుపు 35. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదొక్కటే నిలబడేలా ఉంది.

చిక్కు ఇంకొకటి మిగిలింది. మహాభారతానికి స్పాయిలర్ ఏంటని నవ్వుకునేవాణ్ణి. కానీ హిమాలయాల్లో ఆఖరి పేజీలు ఈ రచయిత్రి సొంతం, అవి చెప్పేస్తే అన్యాయం. చెప్పకపోతే స్వయంవరం ప్రశ్నకి జవాబు ఉండదు. రెండు రకాలుగానూ రాసి చూడాలి.

పనిముట్ల మాట: వాయిస్ టైపింగ్ మానేశాను. ధృష్టద్యుమ్నుడు అన్న ప్రతిసారీ ‘దుష్టుడు’ అనే వచ్చాడు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి నెల పట్టినా దానికి సాటి లేదు. ఇంగ్లిష్ నవలలకి కిండిలే వాడతాను, గీసుకున్నవన్నీ ఒకచోట దొరుకుతాయి. నక్షత్రాలివ్వడం కూడా ఆపేశాను. జోయాకి నాలుగు, ద్రౌపదికి మూడున్నర ఇస్తే ఏ తక్కెడలో తూచినట్టు?

తర్వాతది ఓల్గా ‘విముక్త’, 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన కథలు. శూర్పణఖ తోట పెంచుకుంటూ సీతకి కనిపించే కథ నుంచి మొదలుపెడతాను. అక్కడా ‘మూలంలో’ జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది, అందుకని ఆ మాట ఒక్కసారికి మించి రాయకూడదని నియమం పెట్టుకున్నాను. దాని తర్వాత ఏదైనా తేలికపాటి ప్రేమ నవల, బుర్రకి విశ్రాంతి. ఐదో డ్రాఫ్ట్ మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి. పెద్దత్త భోజనానికి వస్తానంది.