స్వాబ్ నెగెటివ్, ఊపిరితిత్తుల్లో వైరస్: నా అనుభవం

రోగికి ఆయాసం పెరుగుతోంది, సీటీ స్కాన్‌లో రెండు వైపులా మసక మచ్చలు, ముక్కులోంచి పుల్లతో తీసిన స్వాబ్ టెస్టు మాత్రం నెగెటివ్. ఆ రిపోర్టు చెప్పేది ఒక్కటే: ఆ పుల్లకు అంటిన దాంట్లో వైరస్ దొరకలేదని.

నేను ముందు అడిగేది తేదీ. జ్వరం మొదలై వారం దాటితే ముక్కులో వైరస్ తగ్గిపోయి ఊపిరితిత్తుల్లో మిగిలి ఉండొచ్చు. తర్వాత, చేసింది ఏ టెస్టు? ఫ్లూ రాపిడ్ యాంటిజెన్ (నిమిషాల్లో ఫలితమిచ్చే టెస్టు) అయితే సెన్సిటివిటీ, అంటే ఫ్లూ ఉన్నవాళ్లను పట్టుకునే శాతం, సుమారు 50-70 మాత్రమే, దాంతో ఫ్లూ కాదని తేల్చను.

స్వాబ్ ఎలా తీశారో కూడా కనుక్కుంటాను. పుల్లను పైకి గుచ్చకూడదు. అంగిలికి సమాంతరంగా, వెనక గోడకు తగిలేదాకా పోనిచ్చి, కొన్ని సెకన్లు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. ముక్కు అంచున తిప్పి తీసేస్తే కణాలే రావు. చేసింది పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే టెస్టు) అయితే ల్యాబ్‌కు ఫోన్ చేసి, రోగి కణాలు పడ్డాయో లేదో చూపే మానవ జన్యువు కంట్రోల్ ఎన్నో సైకిల్‌లో కనిపించిందో (దాన్నే Ct విలువ అంటారు) అడుగుతాను. చాలా ఆలస్యంగా వచ్చిందంటే శాంపిల్ సరిగా పడలేదన్నమాట, మళ్లీ తీయాల్సిందే. చెక్క పుల్ల వాడితే అదే పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు.

అప్పటికీ అనుమానం తీరకపోతే కిందికి దిగాలి, అంటే ఊపిరితిత్తుల నుంచే శాంపిల్ తీయాలి. నోరు నీళ్లతో పుక్కిలించాక లోతు నుంచి దగ్గి తీసిన కఫం కావాలి, ఉమ్మి పనికిరాదు. చిక్కటి కఫానికి 'ఇన్‌వాలిడ్' (టెస్టు సరిగా నడవలేదు) అని వస్తే దాన్ని నెగెటివ్‌గా రాసుకోకండి, పల్చన చేసి మళ్లీ నడపమనండి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ట్యూబ్‌లోంచే స్రావం లాగొచ్చు. బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి సన్నటి కెమెరా గొట్టం పంపడం) అయితే సీటీ స్కాన్‌లో బాగా దెబ్బతిన్న భాగంలో స్కోప్ ఆనించి 100-300 మి.లీ. సెలైన్ విడతలుగా పోసి వెనక్కి లాగుతాం. కనీసం 30 శాతం వెనక్కి రావాలి, 5 శాతం లోపు వస్తే ఫలితం నమ్మను. ట్యూబ్ లేకుండా ఎక్కువ ఆక్సిజన్ మీదున్న రోగికి దీని వల్ల ఆక్సిజన్ మరింత పడిపోవచ్చు, అక్కడ తొందరపడను. ఇవన్నీ తుంపర్లు లేచే పనులు, ఎన్95 మాస్క్ తప్పనిసరి.

ఫ్లూ సీజన్లో ఆస్పత్రిలో చేరిన పెద్దలకు ఈలోపే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మొదలుపెడతాను, కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గిస్తాను. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు ఒక్క స్వాబ్ నెగెటివ్ చూసి ఆపను.

రక్తంలో యాంటీబాడీల (వైరస్‌పై శరీరం తయారుచేసే రక్షక ప్రోటీన్ల) కోసం జబ్బు మొదలైన మొదటి వారంలో ఒకసారి, 2-4 వారాల తర్వాత మరోసారి రక్తం తీయాలి. వాటి స్థాయి నాలుగు రెట్లు పెరిగితేనే లెక్క. ఇవాళ్టి మందుకు అది ఉపయోగపడదు. రెండు శాంపిళ్లనూ ఒకే ల్యాబ్‌లో, ఒకేసారి నడపాలి.