మన డొమైన్ పేరుతో మరొకరు మెయిల్ పంపకుండా

మెయిల్ ఎలా పంపాలో నిర్దేశించే 1982 నాటి ఎస్‌ఎంటీపీ ప్రమాణంలో పంపినవారి చిరునామా నిజమైనదో కాదో సరిచూసే ఏర్పాటు లేదు. కవరు మీద ఎవరి పేరైనా రాసి తపాలా పెట్టెలో వేయగలిగినట్టే, మన సంస్థ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాతి భాగం) పేరుతో ఎవరైనా మెయిల్ పంపగలరు.

దీన్ని అడ్డుకునే ఏర్పాట్లు మూడు. ఏ సర్వర్లు మన తరఫున పంపవచ్చో ఎస్‌పీఎఫ్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిట్టాలో) ప్రకటిస్తుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం చేరుస్తుంది. అయితే ఎస్‌పీఎఫ్ పరిశీలించేది తెర వెనుకనుండే రిటర్న్ పాత్ (అందని మెయిళ్లు తిరిగి వెళ్లే) చిరునామాను మాత్రమే కాబట్టి, మోసగాడు తన సొంత డొమైన్‌తో ఆ పరీక్ష నెగ్గి, చదివేవారికి మన పేరునే చూపించవచ్చు. చాలామంది గమనించని లోపమిదే. కంటికి కనిపించే ‘ఫ్రమ్’ డొమైన్, పరీక్ష నెగ్గిన డొమైన్ కలవాలని పట్టుబట్టేది డీమార్క్. కలవని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే విధానాన్ని కూడా అందులోనే పెడతాం: ‘నన్’ అంటే ఏమీ చేయవద్దని, ‘క్వారంటైన్’ అంటే స్పామ్‌లో వేయమని, ‘రిజెక్ట్’ అంటే తిరస్కరించమని.

నేను పనిచేసిన ఒక సంస్థలో తొందరపడి మొదటిరోజే ‘రిజెక్ట్’ విధానం పెట్టాను. రసీదులు పంపే బయటి సేవకు మన డీకిమ్ సంతకం లేనందున, అసలైన రసీదులే తిరస్కరణకు గురయ్యాయి. అప్పటినుంచి ముందు ‘నన్’ పెట్టి, మెయిల్ అందుకునే సర్వర్ల నుంచి వచ్చే నివేదికలను వారాల తరబడి చదివి, పంపే సేవలన్నింటినీ గుర్తించాకే ‘క్వారంటైన్’కు, ఆపై ‘రిజెక్ట్’కు వెళుతున్నాను. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి గూగుల్ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటినీ తప్పనిసరి చేసింది. కానీ అక్కడ ‘నన్’ ఉన్నా సరిపోతుంది, అది నకిలీలను ఆపదు.

మెయిల్ పంపని డొమైన్లకు సైతం ‘రిజెక్ట్’ పెట్టాలి. కాపలా లేదని తెలిస్తే మోసగాళ్లు వాటినీ వాడుకుంటారు.