రక్తపోటును నిలబెట్టే మూత్రపిండం

రక్తపోటు అనగానే అందరి దృష్టీ గుండె మీదికే పోతుంది. అయితే ఆ పోటు ఏళ్ళ తరబడి ఏ స్థాయిలో నిలబడాలో నిర్ణయించడంలో సింహభాగం మూత్రపిండాలదే.

1898లో స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టిగర్‌స్టెట్, పెర్ బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాల నుంచి తీసిన సారాన్ని కుందేళ్ళకు ఎక్కించగా వాటి రక్తపోటు పెరిగింది. ఆ సారంలోని పదార్థానికి వారు రెనిన్ అని పేరు పెట్టారు గానీ, చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనులను చిన్న క్లాంపుతో కొద్దిగా నొక్కి ఉంచి, ఆ కారణంగా ఒళ్ళంతటా రక్తపోటు పెరుగుతుందని చూపించారు. నా దృష్టిలో అసలు సంగతంతా ఈ ప్రయోగంలోనే ఉంది. మూత్రపిండం తన దాకా వచ్చే రక్తాన్ని బట్టే శరీరం మొత్తం స్థితిని లెక్కగడుతుంది. దారిలో ధమని ఇరుకైతే, ఒంట్లో రక్తం సమృద్ధిగా ఉన్నా, తగ్గిపోయిందనే అనుకుంటుంది.

వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో కొన్ని ప్రత్యేక కణాలుంటాయి. అక్కడ ఒత్తిడి తగ్గినా, పక్కనున్న నాళికలో ఉప్పు తగ్గినా, ఒంటిని అత్యవసర స్థితికి సిద్ధం చేసే సింపథెటిక్ నరాలు ప్రేరేపించినా అవి రెనిన్‌ను విడుదల చేస్తాయి. రెనిన్ తానుగా రక్తనాళాలను బిగించదు. కాలేయం తయారుచేసిన ఒక ప్రోటీన్ నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కను అది కత్తిరిస్తే, ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైమ్ అందులోంచి మరో రెండింటిని తొలగిస్తుంది. అలా మిగిలిన యాంజియోటెన్సిన్-2 నాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్‌ను స్రవింపజేసి ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుతుంది. తీవ్రంగా రక్తం పోయినప్పుడు ప్రాణం నిలిపే ఏర్పాట్లలో ఇదొకటి.

రక్తపోటు ఎక్కువగా ఉన్నప్పుడు రెనిన్ తగ్గిపోవాలి. కాబట్టి అధిక రక్తపోటు ఉన్న మనిషిలో రెనిన్ మామూలు స్థాయిలోనే కనిపించినా, ఆ మనిషికి అది ఎక్కువే కావచ్చు. దీనికి భిన్నంగా, 1955లో జెరోమ్ కాన్ వర్ణించిన జబ్బులో అడ్రినల్ గ్రంథి తనంతట తానే ఆల్డోస్టెరోన్‌ను అతిగా స్రవిస్తుంది, రెనిన్ అణగిపోతుంది. మూడు మందులకూ లొంగని రక్తపోటులో, పొటాషియం తగ్గిన వారిలో, ఆల్డోస్టెరోన్‌నూ రెనిన్‌నూ కలిపి కొలిచే పరీక్షను తప్పక గుర్తు చేసుకోవాలి. కారణం అదేనని తేలితే ఆల్డోస్టెరోన్ పనిని అడ్డుకునే స్పైరొనొలాక్టోన్ వంటి మందు గానీ, కొందరికి శస్త్రచికిత్స గానీ బాగా పనిచేస్తుంది.

1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ అనే మందు ఏసీఈని అడ్డుకుంటుంది. దాని తయారీకి దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పాము విషం. ఈ తరగతి మందులతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, అప్పుడు వైద్యులు సాధారణంగా యాంజియోటెన్సిన్-2 పనిని అడ్డుకునే లోసార్టన్ తరగతికి మారుస్తారు. రెండు మూత్రపిండ ధమనులూ ఇరుకైన వారిలో వడపోత యాంజియోటెన్సిన్-2 మీదే ఆధారపడి ఉంటుంది, ఈ మందులతో ఆ వడపోత పడిపోవచ్చు. కాబట్టి, ఇవి మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించడం తప్పనిసరి. గర్భిణులు ఈ రెండు తరగతుల మందులనూ వాడకూడదు.