ఘంటసాల గారి చేత టీవీ షో నడిపించాం: నా అనుభవం

ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారు. అదే ఊళ్లో టీవీ కేంద్రం మొదలైంది 1975 ఆగస్టు 15న. హైదరాబాదుకి దూరదర్శన్ వచ్చేసరికి 1977 అయింది. అంటే ఏడాదిన్నర తేడాలో ఆయన మన టీవీకి దక్కకుండా పోయారు. పోయేనాటికి ఆయన వయసు 51 ఏళ్లే. ఇంకో పదేళ్లు ఉండి ఉంటే వారానికోసారి ఆ పెట్టెలో కూర్చుని మనకి పాటలు వినిపించేవారేమో.

ఈ మాట నేను మా తెలుగు సంఘం కమిటీ మీటింగులో యథాలాపంగా అన్నాను. మేముండేది అమెరికాలో, ఒహాయోలో. ఉగాది కార్యక్రమాలకి ఏం కొత్తగా చేద్దామా అని అందరూ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న సమయం. "అయితే ఆ షో మనమే చేసేద్దాం. పాతకాలం టీవీ వెరైటీ షో, హోస్టు ఘంటసాల గారు. నలభై ఐదు నిమిషాలు ఇస్తాం, రాసేది నువ్వే" అని ప్రెసిడెంటు గారు తేల్చేశారు. మీటింగుల్లో నోరు తెరిస్తే వచ్చే తంటా ఇదే.

పాడటానికి మనిషి ముందే ఉన్నారు. మా ఊళ్లో డెంటిస్టు ఒకాయన. వృత్తి పళ్లది, ప్రాణమంతా పద్యాల మీద. ఘంటసాల గారి గొంతు ఎవరికీ రాదు కానీ, పద్యంలో ఎక్కడ ఆగాలో, ఏ మాటని రాగం మింగేయకుండా కాపాడాలో ఈయనకి తెలుసు. నాకు అది చాలు.

వెరైటీ షో అంటే ఏమిటో తెలుసుకోవడానికి అమెరికా షోలు చూడటం మొదలుపెట్టాను. ఇక్కడ ఆ రోజుల్లో పేరున్న గాయకుడికల్లా ఒక షో ఉండేది. మా సంఘంలో 1960ల్లో వచ్చిన పెద్దాయన ఒకరు డీన్ మార్టిన్ షో గురించి మురిపెంగా చెప్పారు. ఎన్‌బీసీలో గురువారం రాత్రి పదింటికి వచ్చేదట. 1965 నుంచి 1974 దాకా నడిచిన షో అది. ఆ డీన్ మార్టిన్ వారమంతా జరిగే రిహార్సల్స్‌కి వచ్చేవాడు కాదు. రికార్డింగు రోజు నేరుగా వచ్చి, ఎదురుగా పట్టుకున్న అట్టల మీద మాటలు చూసి చదివేసేవాడు. తడబడితే అదే కామెడీ. ఇది విన్న మా డాక్టర్ గారు తనకీ ఆ సదుపాయం కావాలన్నారు. వీల్లేదన్నాం.

నాకు అసలు ఉపయోగపడింది నాట్ కింగ్ కోల్. 1956 నవంబరులో మొదలైన ఆయన షో 1957 డిసెంబరుకల్లా ఆగిపోయింది. నల్లజాతి గాయకుడి షోకి దేశమంతటికీ కలిపి ఖర్చు భరించే స్పాన్సరు ఒక్కరూ ముందుకు రాలేదు. పెద్ద పెద్ద గాయకులు నామమాత్రం డబ్బుకి వచ్చి పాడినా షో నిలబడలేదు. ఆ కారణం ఎంత చేదుగా ఉన్నా, మిగిలిన వీడియోలు చూస్తుంటే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఆయన మాట్లాడేది తక్కువ. రెండు ముక్కలు చెప్పి, చిన్న నవ్వు నవ్వి, పియానో దగ్గరికి వెళ్లిపోతాడు. హోస్టు అంటే వాగుడుకాయే కానక్కర్లేదన్నమాట.

ఎందుకంటే మా అసలు చిక్కంతా అక్కడే ఉంది. తెలుగువాళ్లకి పాటగాడు హోస్టు అంటే బాలు గారే. 'పాడుతా తీయగా' చూసి పెరిగిన బుర్రలు మావి. ఘంటసాల గారి కోసం ఏ డైలాగు రాసినా, పైకి చదివితే బాలు గారే మాట్లాడుతున్నట్టుండేది. "నాన్నా" అని పిలవడం, మధ్యలో ఒక జ్ఞాపకం చెప్పడం, తప్పు దిద్ది ముద్దు చేయడం, అంతా ఆయన బాణీ. అది తీసేస్తే ఇంకేం రాయాలో ఎవరికీ తోచలేదు. ఘంటసాల గారి పాట మనకి కంఠతా వచ్చు కానీ మాట ఎంతమందికి తెలుసు? ఆయన మాట నేను ఎక్కువగా విన్నది భగవద్గీత రికార్డులోనే. శ్లోకం పాడి తాత్పర్యం వచనంలో చెబుతారు కదా, ఆ గొంతు. కారులో అదే పెట్టుకుని తిరిగాను. కానీ గీతా తాత్పర్యం చెప్పే గొంతుతో "ఇప్పుడు మన తర్వాతి అతిథి" అనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రేలంగి గారు వేదిక ఎక్కుతున్నా కురుక్షేత్రానికి వెళుతున్నట్టే అనిపించింది.

ఈలోగా షో ఏ ఏడాది జరిగినట్టు చూపించాలన్న గొడవ. 1971లో ఆయన ఐరోపా, అమెరికాల్లో కచేరీలు చేశారు కాబట్టి, ఇక్కడి టీవీవాళ్లే ఒక గంట ఇచ్చినట్టు చేద్దామని కుర్రాళ్లు అన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ అతిథులు ఎక్కడినుంచి వస్తారు? నేను మద్రాసే అన్నాను. 1962, లేని టీవీ స్టేషన్ ఒకటి వడపళనిలో ఉన్నట్టు. స్టూడియోలన్నీ అక్కడే, మనుషులందరూ అక్కడే. సుశీల గారు, లీల గారు, రేలంగి గారు ఓ షూటింగుకీ ఇంకో రికార్డింగుకీ మధ్య అలా వచ్చి వెళ్లొచ్చు.

స్పాన్సరుగా అమృతాంజనం పెట్టాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టి, తర్వాత మద్రాసుకి తెచ్చిన మందు. అదే చేత్తో ఆంధ్రపత్రిక కూడా పెట్టారు. పాత అమెరికా షోల్లో హోస్టే సరుకు పట్టుకుని ప్రకటన చెప్పిన సందర్భాలు బోలెడు. ఘంటసాల గారి చేత చెప్పించడానికి మాకు మనసొప్పలేదు. ఆ పని రేలంగి గారి పాత్రకి ఇచ్చాం. తలకి తుండుగుడ్డ కట్టుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, ఒక్క మాటైనా లేకుండా డబ్బా మూత తిప్పుతాడు, అంతే. వీళ్లిద్దరికీ 1970లో, ఒకే ఏడాది, పద్మశ్రీ వచ్చిందన్న సంగతి స్క్రిప్టులో ఎక్కడైనా ఇరికిద్దామనుకున్నాను కానీ 1962లో అది ఎలా కుదురుతుంది!

ఇక నలుపు తెలుపు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇంకెవరైనా ఇలాంటిది చేద్దామనుకుంటే పనికొస్తుంది. వేదిక మీద మనుషులు రంగుల్లోనే ఉంటారు కదా. వెనక ఎల్ఈడీ తెర మీద మాత్రం లైవ్ కెమెరా బొమ్మ రంగు తీసేసి, పాత టీవీలా పక్కలు కత్తిరించి, కాస్త చదరంగా చూపించాలని ప్లాను. ల్యాప్‌టాప్‌లో అది చిన్న పని. చిక్కు బట్టలతో వచ్చింది. సుశీల గారి పాత్ర వేసే వదిన ఆకుపచ్చ పట్టుచీర, ఎర్రంచు, ఎర్ర జాకెట్టుతో దిగింది. కంటికి లక్ష్మీదేవే. తెర మీద చూస్తే అంచు లేదు, జాకెట్టు లేదు. ఆ ఎరుపూ ఆ పచ్చా ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. "ఇంత పోసి కొన్న కంచి పట్టు ఊరగాయ జాడీకి కట్టే గుడ్డలా ఉందేంటి!" అని వదిన నిలువునా నీరుగారిపోయింది. ఆ శనివారం మా ఇంట్లో చీరల జాతర. తలా నాలుగు చీరలు కార్లలో వేసుకొచ్చారు. ఫోను కెమెరాలో మోనో ఫిల్టరు పెట్టి ఒక్కొక్కటే చూశాం. రంగుతో పని లేదు, ఏది ముదురు ఏది లేత అన్నదే లెక్క. చివరికి గెలిచింది ఎవరూ పట్టించుకోని లేత పసుపు చీర, ముదురు నీలం అంచు.

డాక్టర్ గారి తెల్ల పంచె, తెల్ల లాల్చీ ఇంకో కథ. లైట్లు పడగానే బట్టలు వెలిగిపోయి, మొహం నల్లగా అయిపోయింది. మడతలు లేవు, భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. పాత టీవీ రోజుల్లో ఇదే బాధతో తెల్లచొక్కాకి బదులు లేత నీలం తొడుక్కునేవారని చదివి, లేత నీలం లాల్చీ తెప్పించాం. తెర మీద అచ్చమైన తెలుపు! హాల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లు మాత్రం ఘంటసాల గారికి నీలం లాల్చీ ఏమిటని గొణుక్కున్నారట.

తెర మీద బొమ్మ పాట కంటే లిప్తపాటు ఆలస్యంగా కదిలేది. ప్లేబ్యాక్ రారాజు షోలో పెదవులు కలవకపోతే పరువేం ఉంటుంది? హాలు స్పీకర్లకి వెళ్లే శబ్దాన్ని సౌండ్ అబ్బాయి అంతే ఆలస్యం చేసి సర్దాడు. పాడేవాళ్ల మానిటర్ మాత్రం ముట్టుకోలేదు.

అట్టలు పట్టుకోవడానికి పిల్లల్ని పెట్టాం. ఇక్కడ పుట్టిన పిల్లలు, తెలుగు వింటారు, మాట్లాడతారు, అక్షరాలు రావు. ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికి ప్రతి అట్ట మీదా ఎర్ర బాణం గీశాం.

హోస్టు ఏం మాట్లాడాలన్న సమస్య మాత్రం అలాగే కూర్చుంది. దానికి దారి పెరీ కోమో షోలో దొరికింది. ఆయన స్టూలు మీద కూర్చుని, ప్రేక్షకుల ఉత్తరాల్లో అడిగిన పాటలు పాడేవాడు. చూడగానే నాకు మన రేడియో గుర్తొచ్చింది. శ్రోతలు కోరిన పాటలు! పాట కంటే ముందు ఆ పేర్ల చిట్టా వినడమే ఒక సరదా మనకి. ఫలానా ఊరి నుంచి ఫలానావారు, వారి మిత్రబృందం. ఘంటసాల గారి నోట కల్పించిన కబుర్లు పెట్టక్కర్లేదు. కార్డు తీసి, ఊరు చదివి, పేరు చదివి, పాడితే సరి. ఉన్న డైలాగుల్లో సగానికి పైగా కొట్టేశాను. అట్టలు పట్టే పిల్లలు బాగా సంతోషించారు.

ఆ రోజు హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి, వచ్చినవాళ్లందరికీ పోస్టుకార్డు సైజు అట్టముక్క ఇచ్చాం. పేరు, సొంత ఊరు, కావలసిన పాట. పెద్దవాళ్లు గుండ్రటి తెలుగులో రాశారు, కుర్రాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. డాక్టర్ గారు హార్మోనియం పక్కన స్టూలు మీద కూర్చుని మొదటి కార్డు తీశారు. "రేపల్లె నుంచి" అన్నారో లేదో ఎడమవైపు మూల నుంచి కేక. "జగిత్యాల నుంచి" అంటే వెనక వరసలో ముగ్గురు లేచి నిలబడ్డారు. పార్వతీపురం, ప్రొద్దుటూరు, తణుకు, ఖమ్మం. ఊరి పేరు వినగానే సొంత మనిషిని పిలిచినట్టు జనం పలకడం నేను స్క్రిప్టులో రాయగలిగింది కాదు. డాక్టర్ గారికి కూడా గొంతులో బెరుకు పోయింది. ఊరి పేరుని పద్యంలో మాటలాగే నిదానంగా, అక్షరం నలగకుండా పలికారు. అంతవరకు అనుకరణలా ఉన్నది ఆ కాసేపు అనుకరణలా అనిపించలేదు.

మధ్యలో ఒక కార్డులో ఎవరో 1980ల నాటి పాట అడిగారు. అట్టల మీద దానికి సమాధానం లేదు. పక్కన కర్టెన్ వెనకాల నాకు టెన్షన్. ఆయన కార్డుని ఒకసారి అటూ ఇటూ తిప్పి, "ఈ పాట ఇంకా పుట్టలేదండీ. పుట్టాక పాడేవారు వస్తారు" అని పక్కన పెట్టేశారు. హాలంతా చప్పట్లు. మొత్తం షోలో జనం ఇప్పటికీ చెప్పుకునే డైలాగు అదే, నేను రాయనిది.

తెర చాటు ఆట కూడా బాగా పేలింది. డాక్టర్ గారు కనిపించకుండా పల్లవి పాడతారు, అది రామారావుకా నాగేశ్వరరావుకా జనం చెప్పాలి. అక్కినేనికి పాడితే గొంతు మెత్తబడి, ఎన్టీఆర్‌కి పాడితే నిండుగా అవుతుందని మనవాళ్లంతా అనుకునేదే కదా. ఒక పల్లవి దగ్గర ఇద్దరు పెద్దలు పంతానికి పోయి, విరామంలో పులిహోర ప్లేట్లతోనే వాదించుకున్నారు. వాళ్లలో ఒకరు సినిమా పేరుతో సహా రుజువు చేసేదాకా రెండోవారు ఒప్పుకోలేదు.

సమయం మాత్రం మించిపోయింది. కార్డులు సగం కూడా అవ్వలేదు. తర్వాత కూచిపూడి పిల్లలు మేకప్పుతో వింగ్‌లో నిలబడి ఉండటంతో ముగించేయమని సైగ చేశాను. మిగిలిన కార్డులవాళ్లలో కొందరు నాకు ఫోన్ చేసి మరీ అడిగారు, మా ఊరు ఎందుకు చదవలేదని.

వచ్చే ఏడాదికి భానుమతి గారిని హోస్టుగా పెట్టమంటున్నారు. ఆవిడైతే పాట, నటన, రచన, చమత్కారం అన్నీ ఉన్న మనిషి, పోస్టుకార్డుల ఆసరా అవసరమే లేదు. అతిథులకి మాట్లాడే అవకాశం ఎలా ఇప్పించాలా అన్నదే ఇప్పుడు నా బెంగ. కమిటీవాళ్లు ఈసారి అరగంట కంటే ఎక్కువ ఇచ్చేది లేదన్నారు. భానుమతి గారికి అరగంట సరిపోదని వాళ్లకి ఎవరు చెబుతారు?