తేదీ దాటిన టార్క్ రెంచి, నేను రాసిన రిపోర్టు

మాది కర్నూలు, బీ క్యాంపు. హైదరాబాద్ వైపు విమానాలు రిపేరు చేసే ఒక హ్యాంగర్‌లో ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను కాబట్టి కంపెనీ పేరు రాయను. లైసెన్స్‌కి ఇంకా మూడు మాడ్యూళ్లు, అంటే మూడు పరీక్షలు మిగిలాయి, అందుకని విమానాన్ని రిలీజ్ చేసే సంతకం నాది కాదు, అది లైసెన్స్ ఉన్న బీ1 ఇంజినీర్ పెట్టాలి. కానీ నేను చేసిన ప్రతి పనికీ ఆ పని వివరాలు రాసే కార్డు మీద నా సంతకం ఉంటుంది.

ఏ320 విమానం ఒకటి సీ-చెక్‌కి, అంటే పెద్ద తనిఖీకి వచ్చింది. అప్పటికే రెండు రోజులు ఆలస్యం. నైట్ షిఫ్ట్‌లో ఉండాల్సిన వాళ్లలో సగం మందే ఉన్నాం, వాళ్లలోనూ నలుగురు కాంట్రాక్టు పిల్లలు. వీల్ వెల్‌లో (చక్రాలు లోపలికి మడుచుకునే చోటు) హైడ్రాలిక్ పైపుల జాయింట్లు బిగించే పని నాకు వచ్చింది. ఆ పైపుల్లో ప్రెషర్ 3000 పీఎస్‌ఐ ఉంటుంది. జాయింటు వదులుగా ఉంటే కారుతుంది, మరీ బిగిస్తే ఫిట్టింగ్ దెబ్బతింటుంది, అందుకే చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో (అనుకున్న బిగువు రాగానే క్లిక్‌మనే రెంచి), కార్డులో రాసిన విలువకి బిగించాలి. ప్రతి రెంచి మీదా ఒక స్టిక్కర్ ఉంటుంది, మళ్లీ ఎప్పటిలోగా క్యాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్ష) చేయించాలో ఆ తేదీ దాని మీద ఉంటుంది. కార్డులో కూడా రెంచి నంబరుకి ఒక గడి, ఆ తేదీకి ఒక గడి ఉంటాయి.

నంబరు రాశాను. తేదీ తర్వాత రాద్దాంలే అని వదిలేశాను.

తెల్లవారుజామున ఐదున్నరకి రెంచి తిరిగి ఇస్తూ స్టిక్కర్ చూశాను. తేదీ దాటి పదకొండు రోజులైంది. ఆ రాత్రి అదే రెంచితో నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి తొమ్మిది కార్డులు పూర్తి చేశాం. కడుపులో తిప్పినట్టయింది. వెంటనే షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, నాకు పని నేర్పింది కూడా ఆయనే. "పదకొండు రోజులకి రెంచి ఏం మారిపోదు తమ్ముడూ, ఎల్లుండి డెలివరీ, వచ్చే నెల తేదీ వేసెయ్" అన్నాడు. నేను వెయ్యలేదు. వెయ్యనని గట్టిగా చెప్పనూ లేదు, కార్డులు అట్లే బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. మాడ్యూల్ 9లో డర్టీ డజన్ అని పన్నెండు విషయాలు చదువుతాం, మనిషి ఎక్కడెక్కడ తప్పు చేస్తాడో చెప్పే జాబితా అది. అందులో ఒత్తిడి, అలసట, గట్టిగా చెప్పలేకపోవడం, 'ఇక్కడ ఇట్లనే చేస్తాం' అనే అలవాటు, అన్నీ ఉంటాయి. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ నాలుగూ ఒక్క రాత్రిలో మా దగ్గరే కనిపించాయి.

రూముకి పోయినా నిద్ర రాలేదు. పదింటికి మళ్లీ హ్యాంగర్‌కి పోయి కంప్యూటర్‌లో సేఫ్టీ రిపోర్ట్ ఫారం తెరిచాను. పేరు లేకుండా కూడా పంపొచ్చు, కానీ కార్డుల మీద నా సంతకం ఉంది కదా, పేరు దాచి లాభమేముందని పేరు పెట్టే పంపాను. ఇలాంటి పరిస్థితి మీకెప్పుడైనా వస్తే పంపగానే వచ్చే రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. పొద్దున నేను నోటితో చెప్పిన మాట ఎక్కడా లేదు, తర్వాత విచారణలో "అలా చెప్పినట్టు గుర్తులేదు" అని వచ్చింది. నంబరున్న రిపోర్టును మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

మధ్యాహ్నానికి క్వాలిటీ నుంచి ఫోన్ వచ్చింది. చాలామందికి తెలియని విషయం ఒకటుంది, క్వాలిటీ వాళ్లు ప్రొడక్షన్ మేనేజర్ కింద పనిచేయరు, నేరుగా కంపెనీ మొత్తానికీ జవాబుదారీ అయిన అకౌంటబుల్ మేనేజర్‌కి చెప్పుకునే దారి వాళ్లకి ఉంటుంది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన సీఏఆర్-145 రూల్ అదే. పరికరాల క్యాలిబ్రేషన్ గురించి అయితే 145.ఏ.40లో విడిగానే ఉంది. వాళ్లు తొమ్మిది కార్డులూ ఆపేశారు, రెంచిని ల్యాబ్‌కి పంపారు, నన్ను మూడు రోజులు ఇంటి దగ్గర ఉండి జరిగింది మొత్తం రాసుకుని రమ్మన్నారు. జీతం కోత లేదన్నారు, అయినా భయం పోలేదు.

రాత్రి బస్సెక్కి కర్నూలు వచ్చాను. అమ్మకి సెలవు దొరికిందని చెప్పాను. పొద్దున ఉగ్గాని బజ్జీ పెట్టింది గానీ నా ముఖం చూసి ఏదో జరిగిందని పట్టేసి మామకి ఫోన్ చేసింది. మా మామ ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనాడు. సాయంత్రం కేసీ కెనాల్ గట్టు మీద నడుస్తూ నేను రాసుకున్న మూడు పేజీలు ఆయనకి చదివి వినిపించాను. మనుషులు తక్కువ, టూల్ స్టోర్‌లో రాత్రిపూట ఒక్కడే, డెలివరీ ఒత్తిడి, ఇన్‌చార్జ్ అన్న మాట, అన్నీ రాశాను. మామ చివరిదాకా విని ఒకటే అడిగాడు.

"అంతా బాగానే ఉంది గానీ అల్లుడూ, రెంచి నీ చేతికొచ్చినప్పుడు తేదీ నువ్వెందుకు చూడలేదు? అది ఇందులో యాడుందిరా?"

లేదు. మూడు పేజీల్లో ఎక్కడా లేదు. నాకు కోపం వచ్చింది, ఆయనకి విమానాల సంగతి ఏం తెలుసని కూడా అనిపించింది, కానీ ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాశాను. "రెంచి తీసుకునేటప్పుడు నేను స్టిక్కర్ చూడలేదు. తేదీ గడి ఖాళీగా వదిలి సంతకం చేశాను" అనేది మొదటి వాక్యం. మిగతా అంతా దాని తర్వాత వచ్చింది.

అది రాస్తున్నప్పుడు మాకు క్లాసులో చెప్పిన 1990 నాటి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమాన ప్రమాదం గుర్తొచ్చింది. కాక్‌పిట్ అద్దం మార్చింది కొత్తవాడేం కాదు, షిఫ్ట్ మేనేజరే, అదీ రాత్రి డ్యూటీలో. పాత బోల్టుని చేత్తో పట్టుకుని కంటి అంచనాతో జత చూసి కొత్తవి వేశాడు. 90 బోల్టుల్లో 84 అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువే సన్నగా ఉన్నాయి. 27 గంటల తర్వాత 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు, క్రూ కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ దింపాడు, కెప్టెన్ బతికాడు. ఆ మేనేజర్‌కి పని రాక కాదు. ఆయన చేసిన పనిని మళ్లీ చూసే రెండో మనిషి ఆ రాత్రి ఎవరూ లేరు. మా హ్యాంగర్‌లోనూ ఆ రాత్రి టూల్ స్టోర్‌లో రెండో మనిషి ఉండుంటే రెంచి కౌంటర్ దాటేదే కాదు.

నాలుగో రోజు విచారణ జరిగింది. క్వాలిటీ మేడమ్ మొదటి వాక్యం చదివి కాగితం పక్కన పెట్టి, "మీ షిఫ్ట్‌లో తేదీ గడి తర్వాత నింపడం మామూలేనా?" అని అడిగారు. మామూలే అని చెప్పాను. అప్పుడు పాత కార్డులు బయటికి తీయించారు. ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, ఒకేసారి నింపిన తేదీలు చాలా కనిపించాయి. నా తప్పు దాచి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఈలోగా ల్యాబ్ రిపోర్టు వచ్చింది, రెంచి ముందే క్లిక్‌మంటోంది, అంటే సరిపోయిందని క్లిక్‌మన్నా నిజానికి బిగువు సరిపోలేదు. అన్ని జాయింట్లూ మళ్లీ చూస్తే మూడు తక్కువ టార్క్‌లో ఉన్నాయి. డెలివరీ ఇంకో రోజున్నర వెనక్కి పోయింది.

నాకు రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. న్యాయమే, తీసుకున్నాను. ఇన్‌చార్జ్‌ని ప్లానింగ్‌కి మార్చారు. ఆ అన్న నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు, దాని బాధ వార్నింగ్ కంటే ఎక్కువ. టూల్ స్టోర్‌లో రాత్రికి రెండో మనిషిని పెట్టారు, తేదీ దాటిన పరికరాలకి ఎర్ర ట్యాగ్ వేసి తాళంలో పెడుతున్నారు. డెలివరీ తేదీని మనుషుల లెక్క చూడకుండా ఒప్పుకున్నది ఎవరో మాత్రం విచారణ కాగితాల్లో రాలేదు. సంతకం చేసినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, ఆ పేరు లేదు. దాని మీద ఇంకో రిపోర్టు పెట్టాను, నంబరు నా దగ్గర ఉంది, జవాబు ఇంకా రాలేదు.

ఆ సేఫ్టీ రిపోర్ట్ ఫారం ఇంగ్లీషులోనే ఉంది. కాంట్రాక్టు పిల్లల్లో ఎక్కువమంది ఐటీఐ చదివి వచ్చినవాళ్లు, పనిలో తప్పు కనిపెడతారు గానీ అది ఇంగ్లీషులో రాయాలంటే వెనక్కి తగ్గుతారు. మొన్న ఆదోని పిల్లోడు ఒకడు ప్యానెల్ స్క్రూలు రెండు సైజులు కలిసిపోయిన డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఎవరికి చెప్పాలి?" అన్నాడు. వాడు తెలుగులో చెప్తుంటే నేను పక్కన కూర్చుని ఇంగ్లీషులో టైప్ చేశాను, పేరు వాడిదే పెట్టించాను, వచ్చిన నంబరు వాడి ఫోన్‌లో సేవ్ చేయించాను.