మా అమ్మాయి రూమ్మేట్లతో ఒక ఆదివారం

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఒంగోలులో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాదులో ఉంటాం. ఎప్పుడు వెళ్లినా కాజీపేట దాటాకే నాకు మెలకువ వస్తుంది. ఈసారి మాత్రం ఫోన్లో అలారం పెట్టుకుని డోర్నకల్ రాకముందే లేచి కూర్చున్నాను. చీకట్లో ఏమీ కనపడదని తెలుసు. స్టేషన్ లైట్లు, ప్లాట్‌ఫారం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనుషులు, అంతే. అయినా ఈ ప్రయాణంలో ఆ ఊరిని నిద్రలో దాటబుద్ధి కాలేదు.

డోర్నకల్ అంటే మా క్రైస్తవులకు అజరయ్య గారు గుర్తొస్తారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పనిచేశారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీలకూ ఇక్కడి క్రైస్తవులకూ మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడారు. "మీరు మీ ఆస్తిని బీదలకు పెట్టారు. మీ శరీరాలను కాల్చడానికి అప్పగించారు. మేము ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితులను ఇవ్వండి" అన్నారు. ఆస్తి పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదంటుంది బైబిల్లో మొదటి కొరింథీయులకు పదమూడో అధ్యాయం. అది చదివినవాళ్లకు ఆ మాటల పదును వెంటనే తెలుస్తుంది. బడి కట్టారు, ఆసుపత్రి కట్టారు, కొందరు ఇక్కడే ప్రాణాలు వదిలారు. పక్కన కూర్చుని కలిసి అన్నం తినడం దగ్గరే చాలామంది ఆగిపోయారు. అదీ ఆయన బాధ.

ఆ మాట నా తలలో తిరగడానికి కారణం మా అమ్మాయి. సికింద్రాబాదులో ఒక క్రైస్తవ మహిళా కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో మూడు మంచాల గది. ఒక మంచం తనది, ఒకటి మిజోరం అమ్మాయిది, మూడోది టాంజానియా నుంచి వచ్చిన అమ్మాయిది. "శనివారం కల్చరల్ డే నాన్నా, నువ్వు రావాలి" అని ఫోన్ చేసింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "వాళ్లిద్దరినీ రెండేళ్లలో ఒక్కళ్లు కూడా ఇంటికి భోజనానికి పిలవలేదు నాన్నా. ఆదివారం అత్తయ్య వాళ్లింటికి తీసుకెళ్దామా?" అని అడిగింది.

నేనూ క్రైస్తవ కాలేజీలోనే చదువుకున్నాను, కోస్తాలో. ఆ రోజుల్లో మా హాస్టల్లో కొత్తగా వచ్చినవాణ్ణి మొదట అడిగేది ఇంటిపేరు. తర్వాత ఊరు, ఆ ఊళ్లో ఏ పేట. ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఒకే చాపెల్లో ప్రార్థన చేసి, మెస్‌లో మాత్రం ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చునేవాళ్లం. ఎన్నికలొస్తే ఎవరు ఎవరికి ఓటేస్తారో ముందే లెక్క తేలిపోయేది. నేను కూడా మా బల్ల దగ్గరే కూర్చున్నాను, మూడేళ్లూ. అది తప్పని ఆ వయసులో నాకు తోచలేదు. ఇప్పుడు నా కూతురి గదిలో మిజోరంలోని ఐజాల్, టాంజానియాలోని దారుస్సలాం, మా ఒంగోలు పక్కపక్కన మంచాలేసుకుని పడుకుంటున్నాయి. ఈ పిల్లలకు దొరికింది నాకు దొరకలేదు.

శనివారం కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పను. బతుకమ్మ, కోలాటం, భాంగ్రా, మామూలే. మిజో అమ్మాయిలు చెరావ్ ఆడారు, వెదురు నాట్యం. కింద కూర్చున్నవాళ్లు పొడవాటి బొంగులు జతగా పట్టుకుని లయగా కొడుతుంటే, ఆడేవాళ్లు వాటి మధ్య అడుగు వేసి తీస్తారు. ఒక్క క్షణం తేడా వస్తే చీలమండ నలుగుతుంది. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టుకున్నాను. అంత బాగా ఆడుతుంటే వెనక వరసల్లోంచి ఎవరో చైనా మాటల్లాగా ఏదో కూశారు, కొందరు నవ్వారు. ఆ అమ్మాయి అడుగు తప్పలేదు. కానీ విన్నది. మొహంలో కనపడింది.

చివర్లో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు బతుకమ్మ పిల్లల్ని పేరుపేరునా పిలిచారు. తర్వాత "మన నార్త్ ఈస్ట్ పిల్లలు, మన ఆఫ్రికా పిల్లలు" అని ముగించారు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఆ వేదిక మీదున్న ఆఫ్రికా పిల్లలు ముగ్గురే, ముగ్గురికీ మూడు పేర్లున్నాయి. మాట్లాడినవారిది చెడ్డ మనసని నేను అనను. ఆప్యాయంగానే అన్నారు. కానీ నేను ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. క్లాసులో పేరు పెట్టి పిలిచిన పిల్లాడికీ, "ఆ వెనక బెంచీ వాళ్లు" అనిపించుకున్న పిల్లాడికీ ఎంత తేడా ఉంటుందో నాకు తెలుసు.

కార్యక్రమం అయ్యాక విజిటర్స్ రూములో మా అమ్మాయి నన్ను పరిచయం చేసింది. టాంజానియా అమ్మాయి "వందనాలు అంకుల్" అంది, చక్కగా మన చర్చిలో అన్నట్టే. నేర్పింది మా అమ్మాయే. మరి మీ దగ్గర పెద్దవాళ్లు కనపడితే ఏమంటారమ్మా అని అడిగాను. "షికమో" అంటారట. పెద్దవాళ్లు "మరహబా" అని బదులు చెప్పాలట. 'మీ పాదాలు పట్టుకుంటున్నాను' అని దాని అసలు అర్థం అంటారని చెప్పింది. మా నాయనమ్మ ముందు మేం వంగేవాళ్లం, అచ్చం అదే. నేను మరహబా అంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరు వదిలి వచ్చాక ఆ మాటకు బదులు వినలేదట.

మిజో అమ్మాయి తన పేరు చెప్పింది. రెండుసార్లు అడిగి నేర్చుకున్నాను. వాళ్లలో మామూలుగా ఆడవాళ్ల పేరు ఇకారంతో, మగవాళ్ల పేరు అకారంతో ముగుస్తుందట. చాలామంది ఆ చివరి ఇకారం మింగేసి పిలుస్తారని, అప్పుడది మగపిల్లాడి పేరులాగా వినపడుతుందని చెప్పింది. లక్ష్మిని పట్టుకుని లక్ష్మయ్యా అన్నట్టన్నమాట. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదా అంటే, "ఎవరూ అడగలేదు" అంది.

ఆదివారం ఉదయం ఆరాధనకు నలుగురం కలిసి వెళ్లాం. సికింద్రాబాదు కంటోన్మెంటు ఊరు. బ్రిటిషు పటాలాలతో పాటు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగువాళ్లు అందరూ ఇక్కడ కుదురుకున్నారు. ఒకే చర్చి ఆవరణలో ఇంగ్లీషు ఆరాధన అయ్యాక తెలుగు, తమిళం జరగడం ఇక్కడ మామూలు. గేటు దగ్గర ఒక భాషవాళ్లు బయటికొస్తుంటే ఇంకో భాషవాళ్లు లోపలికి వెళ్తుంటారు. ఒకరికొకరు తలూపుకుంటారు. అంతకుమించి మాటలుండవు. అక్కడ నిలబడి ఆ రెండు వరసలూ చాలాసేపు చూశాను.

మెహిదీపట్నంలో మా చెల్లెలి ఇంటికి 5కె బస్సు ఎక్కాం. మిజో అమ్మాయి బస్సు బోర్డుల మీద తెలుగు అక్షరాలు తనంతట తనే నేర్చుకుంది. కూడబలుక్కుని "మె-హి-దీ-ప-ట్నం" అని చదివింది. ట్యాంక్‌బండ్ మీద టాంజానియా అమ్మాయికి ఒక కథ చెప్పాను. మా తెలుగు బాప్టిస్టులు గర్వంగా చెప్పుకునే కథ. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. చెరకు తోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ల కోసం. ఆయన్ని పంపింది ఇక్కడి తెలుగు సంఘాలే. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అంకుల్, అక్కడి ఆఫ్రికా వాళ్లతో కూడా మీ వాళ్లు కలిశారా?" అని అడిగింది.

ఆ కథ నేను వందసార్లు విన్నాను, వందసార్లు చెప్పాను. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. మేం చెప్పుకునే కథలో ఓడ ఉంటుంది, చెరకు తోట ఉంటుంది, తెలుగువాళ్లుంటారు. ఆ నేల ఎవరిదో వాళ్లు ఉండరు.

లక్డీకాపూల్ దాటాక ఏసీ గార్డ్స్ వస్తుంది. ఆ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం అంగరక్షక దళంలో ఆఫ్రికా సంతతివాళ్లు ఉండేవారని, వాళ్లను సిద్దీలంటారని చెప్పేసరికి ఆ అమ్మాయి లేచి నిలబడింది. "దిగుదాం" అంది. మాసాబ్‌ట్యాంక్ దగ్గర దిగి వెనక్కి నడిచాం. వనపర్తి సంస్థానం రాజా దగ్గరి నుంచి నిజాంకు ఆ దళం వచ్చిందని చెబుతారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక నిజాం సైన్యంతో పాటే ఆ కొలువూ పోయింది. మనుషులు ఇక్కడే ఉండిపోయారు. హైదరాబాదు పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాయిద్యంలో వాళ్ల చెయ్యి ఉంది.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల లాల్చీ, నెరిసిన ఉంగరాల జుట్టు. ఈ అమ్మాయిని చూసి గ్లాసు కింద పెట్టారు. "కహాఁ సే బేటా?" అన్నారు. దారుస్సలాం అని చెప్పింది. ఆయన ఆ పేరును నెమ్మదిగా తనలో తాను పలుక్కున్నారు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "మా ముత్తాతలది ఏ ఊరో మాకు తెల్వదు సార్. ఊరి పేరు ఉంటే మంచిగుండేది" అన్నారు. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. కొట్టును మీ భాషలో ఏమంటారని ఆయన అడిగితే "దుకా" అంది. "ఇక్కడ దుకాన్" అన్నారు ఆయన. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

నడుస్తున్నప్పుడు ఆ అమ్మాయి వాళ్ల అన్నయ్య సంగతి చెప్పింది. ఉస్మానియాలో చదువుతూ టోలిచౌకిలో ఉంటాడు. ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టిందట. ఫోన్లో ఖాళీ ఉందన్న ఇల్లు, మనిషిని చూడగానే నిండిపోయేది. నాకు తెలిసిన కథే. టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కుంటుంటే, తలుపు తీసినావిడ అద్దె చెప్పకముందే "మీరేమిట్లు?" అని అడిగింది. చెప్పాను. మా తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు వాడికే అంది. నేను మాట్లాడకుండా వింటుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఈ సంగతి తనకు అంతకుముందు చెప్పలేదు.

మా చెల్లెలు పొద్దున్నుంచి కంగారు పడుతూనే ఉంది. "అన్నయ్యా, వాళ్లు మన కారం తింటారా? కింద కూర్చోగలరా? స్పూన్లు కొననా?" అని మూడుసార్లు ఫోన్. వెళ్లేసరికి అన్నం, గోంగూర మాంసం, పప్పుచారు, పెరుగు, అప్పడాలు. అందరం చాప మీదే కూర్చున్నాం. చేత్తోనే తిన్నాం.

గోంగూర నోట్లో పెట్టుకోగానే మిజో అమ్మాయి ఆగిపోయింది. కారం ఎక్కువైందేమోనని మా చెల్లెలు నీళ్లందించింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, వంటింట్లో మిగిలిన కట్ట ఉందా అని అడిగి, ఒక ఆకు తెచ్చి వెలుగులో పెట్టి చూసింది. "అన్‌తూర్" అంది. వాళ్ల ఊళ్లో ప్రతి పెరట్లోనూ ఉంటుందట. అన్ అంటే ఆకుకూర, తూర్ అంటే పులుపు. వాళ్లమ్మ పంది మాంసంలో వేసి వండుతుందట.

వంటింట్లోకి వెళ్లినప్పుడే ఇంకొకటి కూడా చూసింది. బియ్యం డబ్బా పక్కన ఒక చిన్న డబ్బా. అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం అందులో వేసి, నిండాక చర్చికివ్వడం మా అమ్మ మాకు నేర్పిన అలవాటు. "ఇది బుహ్‌ఫై థమ్!" అని అరిచింది. మిజో ఆడవాళ్లు 1910 నుంచి అదే చేస్తున్నారట. ఆ పిడికెళ్లతో వాళ్ల సంఘాలు ఎందరో సువార్తికులను పోషించాయి. మా చెల్లెలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు. అప్పటినుంచి స్పూన్ల మాట రాలేదు.

ఇలాంటి పోలికలు కనపడితే నాకూ సంతోషంగానే ఉంటుంది. కానీ రైలెక్కేదాకా ఒకటే ఆలోచన. గోంగూర దొరక్కపోయి ఉంటే? పిడికెడు బియ్యం ఆచారం వాళ్లకు లేకపోయి ఉంటే? టాంజానియా అమ్మాయికి గోంగూర పులుపు నచ్చలేదు, పెరుగన్నమే తిన్నది. ఆమెకూ అంతే చోటు ఉండాలి కదా చాప మీద. అజరయ్య గారు తమలాంటివాళ్లను వెతుక్కోమని ఆ తెల్లవాళ్లను అడగలేదు, స్నేహితులు కమ్మని అడిగారు.

సాయంత్రం బయల్దేరబోతుంటే మా చెల్లెలు మూడు సీసాల్లో గోంగూర పచ్చడి పెట్టింది. టాంజానియా అమ్మాయి సీసాలో మాత్రం మామిడికాయ పచ్చడి. మారిపోకుండా తెల్ల ప్లాస్టరు అంటించి, స్కెచ్ పెన్నుతో పేర్లు రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండూ రాసేసింది. మూడో పేరు అడిగి, పలికి చూసుకుని, నాలుగక్షరాలు రాసి సీసా చేతికిచ్చింది.

మిజో అమ్మాయి కూడబలుక్కుని చదివింది. పెన్ను తీసుకుని సీసాను మళ్లీ మా చెల్లెలి చేతిలోనే పెట్టి, చివరి అక్షరం మీద వేలుంచింది.

"దీనికి గుడి పెట్టాలి ఆంటీ."

మా చెల్లెలు గుడి పెట్టింది.