సంపంగి లేని సంపిగె రోడ్డు

శ్రావణమాసంలో పెళ్లి, అదీ బెంగళూరు మల్లేశ్వరంలో. కాచిగూడలో రైలెక్కి యశ్వంతపురంలో దిగేదాకా బాగానే ఉంది. అక్కణ్నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా లేని దూరానికి ఆటో అతను 250 అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కాను. తీరా చూస్తే నా దగ్గర క్రాస్ (అడ్డ వీధి) నంబరు ఉంది కానీ మెయిన్ (నిలువు వీధి) నంబరు లేదు, ఇక్కడ రెండూ లేకపోతే దేవుడు కూడా ఇల్లు పట్టుకోలేడని అప్పుడు తెలిసింది.

పెళ్లి సంగతి వదిలేద్దాం, భోజనాలు బాగున్నాయి. మర్నాడు పొద్దున ఒక్కదాన్నే బయల్దేరాను. మాది మారేడుపల్లి కదా, చెట్టు పేరు పెట్టుకున్న వీధులంటే నాకో సరదా. ఇక్కడ సంపిగె రోడ్డుంది, సంపిగె అంటే మన సంపంగి. దాని పక్కనే మార్గోసా రోడ్డు, అంటే వేప. రెండు రోడ్లూ తిరిగాను. గొడుగు పట్టినట్టు పెద్ద పెద్ద చెట్లున్నాయి, ఎండ నేల మీద పడితే ఒట్టు. సంపంగి మాత్రం ఒక్కటి కూడా నా కంట పడలేదు.

ఆకలేసి సీటీఆర్ అనే హోటల్లో దూరాను. అక్కడ ఖాళీ కుర్చీ దొరికితే చాలు, ఎదుట ఎవరున్నా కూర్చోవాల్సిందే. నా ఎదురుగా ఎనభై దాటిన పెద్దాయన. బెన్నె మసాల దోసె అంచు విరుస్తూ నేను ఫోన్‌లో మా అమ్మతో గొణుక్కోవడం విన్నట్టున్నారు, "యా ఊరుమ్మా మీది?" అన్నారు. కోలారు వైపు తెలుగు! దోసె గురించి రెండు పేరాలు రాయగలను కానీ (వెన్న వేళ్లకంటి సాయంత్రం దాకా వదల్లేదు), ఆయన మాటలే ఎక్కువ గుర్తున్నాయి.

తిన్నాక ఆయనే ఓ ఇంటి వెనక సందులోకి తీసుకెళ్లారు. కన్సర్వెన్సీ లేన్ అంటారట. 1898లో ప్లేగు వచ్చి పాత బెంగళూరు పేటలోని ఇరుకు ఇళ్లల్లో జనం రాలిపోతుంటే, బతికినవాళ్లు గాలీ వెలుతురూ వెతుక్కుంటూ ఇటు వచ్చారు. అందుకే తిన్నటి రోడ్లు, ఇంటి చుట్టూ ఖాళీ జాగా, పాకీవాళ్లు ముందు వాకిట్లోకి రాకుండా వెనక ఈ సందు. పొద్దుట్నుంచీ నేను మురిసిపోతున్న నీడ వెనక ప్లేగు ఉందనీ, మనుషుల్ని వెనక దారిన నడిపించిన లెక్క ఉందనీ అనుకోలేదు. ఇప్పుడు ఆ సందులో స్కూటర్లు పెట్టుకుంటున్నారు.

"గుడి మాత్రం అంతకు ముందుదే" అన్నారు. కాడు మల్లేశ్వర, అంటే అడవి మల్లేశ్వరుడు. శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ 1669లో వేయించిన శాసనం ఉందట. మల్లేశ్వరమంతా ఆ స్వామి పేరే పెట్టుకుంది. ఎదురుగా నంది తీర్థంలో నంది నోట్లోంచి నీళ్లు లింగం మీద పడుతూనే ఉన్నాయి. ఇదంతా 1997 దాకా మట్టి కిందే ఉండిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. శాంకీ చెరువు చూద్దామనుకున్నాను కానీ కాళ్లు ఒప్పుకోలేదు.

చివరికి అడిగేశాను, సంపంగి చెట్టెక్కడండీ అని. ఆయన నవ్వి, "పూలు కావాల్నంటే ఎనిమిదో క్రాసుకు పోమ్మా. చెట్టు కనబడితే నాకూ చెప్పు" అన్నారు.

పోయాను. వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, కాలు పెట్టే సందు లేదు, రేట్లు చెట్టెక్కి కూర్చున్నాయి. ఆకులో చుట్టిన నాలుగు సంపంగులు కొని రైలెక్కాను, బోగీ అంతా వాసన. రాత్రి అమ్మకి ఫోన్ చేసి, "మన వీధిలో మారేడు చెట్టు ఎప్పుడైనా ఉండేదా?" అన్నాను.

"వీధిలో ఏంటే, మన దొడ్లోనే ఉండేది. కారు షెడ్డు కోసం కొట్టించింది మీ నాన్నే కదా" అంది.